నేరకథా, శాసనమా? గిబియా రాత్రిని అనంతపురం నుంచి చదవడం

ఒకే లింగానికి చెందిన ఇద్దరు వ్యక్తులు భార్యాభర్తలకుండే హక్కులతో, బాధ్యతలతో జీవితాంతం కలిసి బతకడానికి ఒప్పుకోవడాన్ని ఈనాడు స్వలింగ వివాహం అంటున్నారు. బైబిలు ఈ ఏర్పాటును ఎక్కడా చర్చకు పెట్టలేదు. స్వలింగ సంపర్కాన్ని గురించి మాత్రం పాత నిబంధనలోనూ కొత్త నిబంధనలోనూ కలిపి వేళ్ల మీద లెక్కపెట్టదగిన వచనాలున్నాయి. అయినా ఈ విషయం ప్రసంగవేదిక ఎక్కినప్పుడు ఆ వచనాలకంటే ముందుగా వినిపించేది సొదొమ పట్టణం పేరు. ఆదికాండము 19వ అధ్యాయంలోని ఆ కథ అగ్నిగంధకాల వర్షంతో ముగుస్తుంది కనుక, వినేవాళ్లలో అది పుట్టించే భయం మరే వచనమూ పుట్టించలేదు. దానికి తోబుట్టువు వంటి మరో కథ న్యాయాధిపతుల గ్రంథం 19వ అధ్యాయంలో ఉంది. గిబియా అనే ఊళ్లో జరిగిన ఆ ఉదంతం ప్రసంగాలలోకి రావడం అరుదు, ఎందుకంటే అది వస్తే సొదొమ కథను చదివే తీరు కూడా మారక తప్పదు. ఈ రెండూ శాసనాలు కావు, నేరకథలు. నేరకథ ఎలా నడుస్తుందో తరాలపాటు కక్షలు చూసిన అనంతపురం సీమ పాఠకుడికి ఎవరూ నేర్పనక్కరలేదు కాబట్టి, ఈ తేడాను పట్టుకోవడానికి అతనికంటే తగినవాడు లేడు.

ఆలయసేవకు కేటాయించిన గోత్రానికి చెందిన ఒక లేవీయుడు, బేత్లెహేము నుంచి తెచ్చుకున్న ఉపపత్ని, అంటే భార్యకంటే ఒక మెట్టు దిగువన ఉంచిన స్త్రీ, పుట్టింటికి వెళ్లిపోగా నాలుగు నెలల తరువాత ఆమెను తీసుకురావడానికి వెళతాడు. మామ మర్యాదలతో రోజుల తరబడి ఆపడం వల్ల ఐదో రోజు పొద్దు వాలుతుండగా గాని ప్రయాణం సాగదు. దారిలో యెబూసు పట్టణం తగిలినా, పరాయి జాతివాళ్ల ఊళ్లో రాత్రి గడపడం ఇష్టంలేక, తనవాళ్ల ఊరని నమ్మి గిబియాకు చేరతాడు; అక్కడ రచ్చకట్ట దగ్గర ఎంతసేపు కూర్చున్నా ఇంటికి రమ్మని పిలిచే దిక్కుండదు. పొలం నుంచి తిరిగివస్తున్న ఒక ముసలివాడు, అతడూ ఆ ఊరికి పరాయివాడే, వాళ్లను చేరదీసి గాడిదలకు మేత వేసి, కాళ్లు కడుక్కోనిచ్చి, అన్నం పెడతాడు. అంతలో ఊరి మూక ఇల్లు చుట్టుముట్టి, అతిథిని చెరచడానికి బయటికి పంపమని తలుపు బాదుతుంది. ముసలివాడు బదులుగా తన కూతురినీ అతిథి ఉపపత్నినీ ఇస్తానంటాడు; చివరికి లేవీయుడే ఆమెను పట్టుకుని బయటికి నెడతాడు. వేకువజామున ఆమె ఆ ఇంటి గుమ్మం దాకా వచ్చి గడప మీద చేతులాన్చి పడిపోతుంది. తెల్లవారి ప్రయాణానికి సిద్ధమై తలుపు తీసినవాడు ఆమెను లేవమంటాడు. జవాబు రాదు. గాడిద మీద ఇంటికి చేర్చి, ఆ దేహాన్ని 12 ముక్కలు చేసి ఇశ్రాయేలు దేశమంతటికీ పంపుతాడు. ఆమె ప్రాణం సరిగ్గా ఎప్పుడు పోయిందో హీబ్రూ పాఠం చెప్పదు. చనిపోయిందని తరువాతి అధ్యాయంలో చెప్పేది లేవీయుడే. అంతకంటే చీకటి కథ ఏ అపరాధ పరిశోధన నవలలోనూ దొరకదేమో.

అయితే కథకుడి నేర్పంతా తరువాతి అధ్యాయంలో ఉంది. గోత్రాలన్నీ సభకూడి ఈ ఘోరం ఎలా జరిగిందని అడిగినప్పుడు, గిబియావాళ్లు తనను చంపాలనుకున్నారని, తన ఉపపత్నిని చెరచగా ఆమె చచ్చిపోయిందని లేవీయుడు సాక్ష్యమిస్తాడు. ఆమెను తానే గుమ్మం దాటించిన సంగతిని అతడు ఎత్తడు. పాఠకుడు మాత్రం ఆ సంగతిని అంతకుముందే చదివి ఉన్నాడు. సభ ఆ వాంగ్మూలాన్ని నమ్మి యుద్ధానికి దిగుతుంది. దోషులను అప్పగించడానికి బెన్యామీను గోత్రం ఒప్పుకోదు, ఎందుకంటే తప్పు చేసినా వాళ్లు తమవాళ్లు. మొదటి రోజు ఇశ్రాయేలీయులు 22,000 మంది, రెండోరోజు 18,000 మంది కూలిపోగా, చివరికి బెన్యామీనులో 600 మంది మగవాళ్లు మాత్రమే మిగులుతారు. ఆ గోత్రం అంతరించిపోకూడదన్న జాలితో అదే ఇశ్రాయేలు యాబేష్గిలాదు ఊరివాళ్లను నరికి, మిగిలిన ఆ మగవాళ్లకు భార్యలుగా 400 మంది కన్యలను తెచ్చి, చాలకపోతే షిలోహు పండుగలో నాట్యమాడే ఆడపిల్లలను ఎత్తుకుపొమ్మని సలహా ఇస్తుంది. ఒక స్త్రీకి జరిగిన అన్యాయానికి చేసిన న్యాయం వందలమంది స్త్రీలకు అన్యాయంగా తేలింది.

ఈ వరస అనంతపురం జిల్లాకు కొత్తది కాదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకంగా పడని, వేరుశనగ పంట మీద బతికే ఈ పీఠభూమిలో, ఊరి పెత్తనం కోసం పుట్టిన గ్రామకక్షలు కాలక్రమంలో ఫ్యాక్షన్ పేరుతో రాజకీయాన్నీ కాంట్రాక్టులనూ చుట్టుకున్నాయి. 2005 జనవరి 24న అనంతపురంలో హత్యకు గురైన రాజకీయ నాయకుడు పరిటాల రవి జీవితం ఆధారంగా రామ్‌గోపాల్ వర్మ తీసిన 'రక్తచరిత్ర' 2010లో రెండు భాగాలుగా విడుదలైంది. ఆ సినిమాలో హింస మోతాదు గురించే ఎక్కువమంది మాట్లాడారు గాని, దాని నిర్మాణంలో గమనించదగిన విషయం వేరే ఉంది. మొదటి భాగంలో ప్రతాప్ రవి పాత్ర తన ఇంట్లో జరిగిన హత్యలకు బదులు తీర్చుకుంటుంటే ప్రేక్షకుడు అతని పక్షాన నిలబడతాడు. రెండో భాగంలో సూర్య పాత్ర కుటుంబం టీవీలో పెట్టిన బాంబుకు బలైన వైనం చూపగానే, నిన్నటి బాధితుడు నేటి హంతకుడై కనిపిస్తాడు. లెక్క ఎవరి చావుతో మొదలుపెడితే వాళ్లు న్యాయవంతులవుతారు. లేవీయుడు సభ ముందు చేసిందీ అదే, తనకు అనుకూలమైన చోట కథ మొదలుపెట్టడం. ఆ సినిమాను చూసి హత్య చేయమని చెబుతోందని గాని, టీవీ కొనవద్దని చెబుతోందని గాని ఎవరూ అనుకోరు; చూపించడం వేరు, ఆదేశించడం వేరు అని సామాన్య ప్రేక్షకుడికి సైతం తెలుసు. గ్రంథాన్ని అది ఏ రకం రచనో గుర్తించి అందుకు తగినట్టు చదవడం వ్యాఖ్యానశాస్త్రంలో ఒక ప్రాథమిక నియమం. సినిమాహాలులో అప్రయత్నంగా పాటించే ఈ నియమం గుడిలోకి వచ్చేసరికి మరుపున పడుతోంది.

గిబియా కథ చదివిన తరువాత సొదొమకు తిరిగివెళితే రెంటి పోలిక స్పష్టమవుతుంది. అక్కడా రాత్రికి వచ్చిన పరాయివాళ్లున్నారు, ఇల్లు చుట్టుముట్టిన మూక ఉంది, కూతుళ్లను ఇస్తానన్న గృహస్థుడు లోతు ఉన్నాడు. గిబియాలో మూక అడిగింది పురుషుణ్ణి, చెరిచింది స్త్రీని. ఆ కథను పట్టుకుని స్త్రీపురుష సంబంధం పాపమని ఎవరూ తీర్మానించలేదు, తీర్మానించకూడదు కూడా; అది బలాత్కారమని, ఊరికి వచ్చినవాడిని అవమానించి లొంగదీసుకునే పద్ధతి అని అందరికీ అర్థమవుతుంది. ఆ అర్థం గిబియాకు చెల్లినప్పుడు సొదొమకు చెల్లకపోవడానికి కారణం చూపడం కష్టం. యెహెజ్కేలు ప్రవక్త తన గ్రంథం 16వ అధ్యాయంలో సొదొమ దోషాన్ని వివరిస్తూ గర్వాన్ని, తిండి సమృద్ధిని, దీనులకు చేయూత ఇవ్వకపోవడాన్ని ముందు చెప్పాడు. లోతు ఆ మైదానాన్ని ఎంచుకున్నది అది నీళ్లు పుష్కలంగా పారే నేల కనుకనే అని ఆదికాండము 13వ అధ్యాయం చెబుతుంది. వానలు లేక బెంగళూరుకు వలసపోయి, ఊరు తెలియని చోట రాత్రి తలదాచుకోవలసి వచ్చిన కదిరి ప్రాంతపు కూలీకి, నీళ్లున్న ఊరు నీళ్లు లేని ఊరివాడిని ఎలా చూస్తుందన్న ప్రశ్న ఈ కథలో ముందుగా కనిపిస్తే ఆశ్చర్యం లేదు. యూదా పత్రిక 7వ వచనం సొదొమను లైంగిక దుర్నీతితో ముడిపెడుతుందన్న మాట నిజం, దాన్ని దాచిపెట్టనక్కరలేదు. అయితే మూకుమ్మడి అత్యాచారం కూడా లైంగిక దుర్నీతే కనుక, ఇద్దరు మనుషులు ఇష్టపడి చేసుకున్న ఒప్పందం గురించి ఆ వచనం ఏదైనా తేల్చిందని చెప్పడానికి వీలులేదు.

కాబట్టి వాదమంటూ జరగవలసింది వేరే వచనాల మీద. లేవీయకాండము 18, 20 అధ్యాయాలు కథలు కావు, ధర్మశాస్త్రం. పురుషుడు పురుషునితో శయనించడాన్ని అవి నేరుగా నిషేధించాయి, 20వ అధ్యాయం మరణశిక్ష కూడా విధించింది. లేవీయకాండములోని ఆహార, వస్త్ర నియమాలు క్రైస్తవులకు వర్తించవని, నీతి నియమాలు వర్తిస్తాయని సంప్రదాయవాదులు విడదీస్తారు గాని, ఆ గీత ఎక్కడ గీయాలో ఆ గ్రంథం చెప్పదు. పౌలు రోమీయులకు రాసిన పత్రిక మొదటి అధ్యాయం ఇంకా గట్టిది, అది స్త్రీల ప్రస్తావన కూడా చేసింది. పౌలు ఎరిగిన లోకంలో బానిసలనూ బాలురనూ వాడుకోవడమే ఎక్కువగా కనబడేదని, సమానుల మధ్య జీవితకాల బంధం అతని దృష్టిలో లేదని ఒక పక్షం అంటుంది. అతని వాదన సృష్టిక్రమం మీద ఆధారపడింది కనుక బంధం ఎలాంటిదైనా తీర్పు ఒక్కటేనని మరో పక్షం అంటుంది. ఇక్కడ రెండో పక్షానికే వచనబలం ఎక్కువ అని ఒప్పుకోవడం నిజాయితీ. అదే పత్రిక రెండో అధ్యాయం మొదటి మాటలోనే, అంతవరకు తల ఊపుతూ విన్న పాఠకుడి వైపు తిరిగి, ఇతరులకు తీర్పు తీర్చే నీవూ దోషివే అన్న భావం పలుకుతుందని గమనించడం కూడా అంతే నిజాయితీ.

వివాహాన్ని గురించి యేసు మాట మత్తయి సువార్త 19వ అధ్యాయంలో ఉంది. సృష్టికర్త ఆదినుంచి స్త్రీపురుషులనుగా చేశాడన్న ఆదికాండ వాక్యాన్ని ఆయన అక్కడ ఎత్తి చూపాడు, అయితే అడిగిన ప్రశ్న విడాకులను గురించినది. విడాకులు పొందినవాళ్లకు మళ్లీ పెండ్లి చేసే సంఘాలు ఆ అధ్యాయంలో సగాన్ని సడలించి సగాన్ని బిగిస్తున్నాయన్న విమర్శ తేలికగా తోసిపుచ్చదగింది కాదు. వచనాన్ని సంఘం కొత్తగా చదివిన సందర్భం మరొకటి ఉంది. 1947 సెప్టెంబరు 27న ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘం స్త్రీలను గురువులుగా అభిషేకించింది, 2013లో అనంతపురానికి పొరుగున ఉన్న నంద్యాల అధ్యక్ష మండలానికి ఇ. పుష్పలలిత బిషప్ అయ్యారు, ఆ సంఘంలో ఆ పదవి పొందిన మొదటి స్త్రీ ఆమె. స్త్రీ ఉపదేశించరాదని తిమోతికి రాసిన మొదటి పత్రిక 2వ అధ్యాయం చెబుతున్నా ఇది జరిగింది. స్పష్టమైన వచనాన్ని సంఘం కొత్తగా అర్థం చేసుకోగలదనడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ రాయలసీమలో లేదు. దీనికి సంప్రదాయవాదుల జవాబూ తీసిపారేయదగినది కాదు: దెబోరా, ఫీబే, ప్రిస్కిల్ల వంటి స్త్రీలను బైబిలే సాక్షులుగా నిలబెట్టింది, స్వలింగ బంధానికి అలాంటి సాక్షి ఒక్కరూ లేరు.

రాజ్యం దారి వేరుగా నడిచింది. పరస్పర సమ్మతితో జరిగే స్వలింగ సంపర్కం నేరం కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న తీర్పు చెప్పింది. హైదరాబాదులో స్థిరపడి 2021లో వివాహవేడుక జరుపుకున్న జంట మొదటి పిటిషనర్లుగా వేసిన సుప్రియో కేసులో మాత్రం, వివాహం ప్రాథమిక హక్కు కాదని, స్వలింగ వివాహాలకు చట్టం చేసే పని శాసనసభలదని 2023 అక్టోబరు 17న ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. సంఘాల వైపు చూస్తే, అదే ఏడాది డిసెంబరులో, స్వలింగ జంటలకు పూజావిధితో సంబంధం లేని ఆశీర్వాదం ఇవ్వవచ్చునని, వివాహం మాత్రం స్త్రీపురుషులదేనని రోమ్‌లోని క్యాథలిక్ పీఠం నుంచి ప్రకటన వెలువడింది.

వచనాలను ఎటు తిప్పినా మిగిలే చిక్కుముడి బ్రహ్మచర్యం. స్వలింగ వివాహాన్ని ఒప్పుకోని సంఘం అటువంటి స్వభావం గలవాళ్లకు ఒంటరి జీవితాన్ని మార్గంగా చూపుతుంది. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 7వ అధ్యాయంలో పౌలు ఒంటరితనాన్ని అందరికీ దక్కని వరంగా చెప్పి, నిగ్రహం చాలనివాళ్లు పెండ్లి చేసుకోవడమే మేలన్నాడు. ఇందుకు ఉదాహరణ ఈ జిల్లాలోనే ఉంది: అనంతపురంలో 1969లో పని మొదలుపెట్టిన విన్సెంట్ ఫెర్రర్, బ్రహ్మచర్య వ్రతం గల క్యాథలిక్ జెస్యూట్ సంఘాన్ని విడిచి 1970లో వివాహం చేసుకుని, ఆ తరువాత దాదాపు 40 ఏళ్లు ఈ కరువు నేలలో సేవ చేశాడు. ఆయన వ్రతం తానుగా పట్టింది కనుక తానుగా వదిలాడని, వదిలి చేసుకున్నది స్త్రీపురుష వివాహమేనని సంప్రదాయవాదులు అంటే అది సరైన మాటే. తానుగా పట్టని వ్రతాన్ని మరొకరు నెత్తిన పెడితే దాన్ని వరం అనవచ్చునా అన్న అంశానికి మాత్రం పౌలు పత్రికలో వాళ్లకు సిద్ధంగా జవాబు లేదు, ఆ జవాబును వాళ్లు సొదొమ బూడిదలో వెతకడం మానుకోవాలి.