జింకకు ఉన్న బాకీ

అమెరికా పల్లెల్లో నవంబరు వచ్చిందంటే తుపాకీతో జింకల వేటకు కాలం వచ్చినట్టే. కొత్తగా లైసెన్సు తీసుకున్నవాడు దుకాణంలో ముందుగా అడిగే ప్రశ్న, ఉన్న కొద్దిపాటి డబ్బుతో ఏ రైఫిల్ కొనాలన్నది. దాన్ని అందరూ బేరసారాల విషయంగానే చూస్తారు. నాకు మాత్రం అది ధర్మానికి సంబంధించిన ప్రశ్నగానే కనిపిస్తుంది. ఆ డబ్బు దేనిమీద ఖర్చయిందన్నదాన్ని బట్టి ఒక ప్రాణి క్షణాల్లో చనిపోవచ్చు, గంటల తరబడి కొట్టుకోనూవచ్చు. ఆ బేరంలో దానికి నోరు లేదు. మన ఇతిహాసాలు వేట గురించి మాట్లాడినప్పుడు ఈ తేడానే పట్టుకున్నాయి. మహాభారతం ఆదిపర్వంలో జింక రూపంలో ఉన్న కిందమ మునిని పాండురాజు కొడతాడు. రాజులకు వేట ఆచారమేనని వాదిస్తాడు. కిందముడు ఆ మాట కాదనడు. జతకూడిన వేళ కొట్టావే, కాసేపు ఆగలేకపోయావా అని నిలదీస్తాడు. దశరథుడి తప్పు మరో రకం. సరయూ ఒడ్డున చీకట్లో కడవ మునుగుతున్న చప్పుడు విని, ఏనుగు అనుకుని బాణం వేశాడు. చప్పుడును బట్టి కొట్టే శబ్దవేధి విద్యలో అతనికి లోటు లేదు. ఎవరిని కొడుతున్నాడో చూడలేదు, అంతే. ఈనాటి అమెరికన్ వేట శిక్షణ తరగతుల్లోనూ మొదటి పాఠాల్లో ఒకటి ఇదే: ఎదుట ఉన్నదేమిటో, దాని వెనక ఏముందో తేల్చుకోకుండా ట్రిగ్గర్ మీద వేలు పెట్టకూడదు.

ఈ దృష్టితో దుకాణంలోకి వెళితే లెక్క మారుతుంది. సావేజ్ యాక్సిస్, రూగర్ అమెరికన్ వంటి చవక బోల్ట్ యాక్షన్ రైఫిళ్లు కొన్ని వందల డాలర్లకే వస్తాయి. ప్లాస్టిక్ బట్టు, కాస్త గరుకుగా కదిలే బోల్టు, చూడ్డానికి ఏమంత అందం ఉండదు. అయినా 100 గజాల దూరంలో వరసగా మూడు గుళ్లు పేలిస్తే మామూలుగా ఒకటిన్నర అంగుళంలోనో, దానికి అటూ ఇటూగానో తగులుతాయి. తెల్లతోక జింక గుండె, ఊపిరితిత్తులు ఉండే ఆయువుపట్టు సుమారు 8 అంగుళాల వెడల్పు. అంటే చవక తుపాకీ గురి కూడా చాలినంతకన్నా ఎక్కువే. గురి తప్పేది మనిషిదే. షూటింగ్ రేంజిలో ఒక పరీక్ష ఉంది. పక్కనున్నవాడు చెప్పకుండా తూటాల మధ్య ఒక ఉత్తుత్తి తూటా పెడతాడు. అది పేలదు, కానీ పేలినప్పుడు తుపాకీ వెనక్కి తన్నే తన్నుకు భయపడిన చేయి ట్రిగ్గర్ నొక్కగానే గొట్టం మూతిని కిందికి లాగేస్తుంది. ఆ కాస్త కుదుపే అడవిలో ఊపిరితిత్తుల్లోకి వెళ్లాల్సిన గుండును పేగుల్లోకి పంపుతుంది. ఊపిరితిత్తులకు తగిలితే జింక కొన్ని పదుల గజాలు పరుగెత్తి క్షణాల్లో కూలుతుంది; నేలమీద నురగతో లేత ఎరుపు నెత్తురు కనిపిస్తుంది. పేగులకు తగిలితే నెత్తురు తక్కువ, పచ్చటి మేత మరకలు ఎక్కువ. జింక ఏదో పొదలోకి పోయి పడుకుంటుంది, చావడానికి గంటలు పడుతుంది. అందుకే కొత్తవాడికి గట్టిగా తన్నే పెద్ద మాగ్నం తూటా గొప్ప కాదు, ప్రమాదం. .243 విన్‌చెస్టర్ తూటా తన్ను .30-06 తూటా తన్నులో సుమారు సగమే, జింకకు అది చాలు. తుపాకీ మీద మిగిల్చిన డబ్బు తూటాలకు, సాధనకు పోవాలి.

అసలు చంపడమే తప్పయినప్పుడు నెమ్మదిగా చంపినా, త్వరగా చంపినా తేడా ఏమిటని జైనులు అడగవచ్చు. వారి ఆక్షేపణ బలమైనది. వంటలో, వృత్తిలో, ఆత్మరక్షణలో జరిగే హింసను గృహస్థుకు కొంత సడలించినా, కావాలని తలపెట్టే సంకల్ప హింసకు వారి ధర్మంలో చోటు లేదు. వేట అందులోకే వస్తుంది. మనుస్మృతి కూడా కామం వల్ల పుట్టే పది వ్యసనాల్లో వేటను ముందు చెప్పింది. వేట నిర్దోషమని నేను వాదించను. కానీ అరణ్యపర్వంలో మాంసం అమ్మే ధర్మవ్యాధుడు కౌశికుడికి చూపించినట్టు, నాగలి పట్టినవాడి చేతి కిందా లెక్కలేనన్ని ప్రాణులు పోతాయి. హింసకు పూర్తిగా బయట నిలబడే చోటు దొరకనప్పుడు, చేసే హింసను ఎంత తగ్గించామన్న ప్రశ్న చిన్నదైపోదు, ఇంకా బరువెక్కుతుంది. అమెరికా సంగతే చూస్తే, తోడేళ్లు, ప్యూమాలు దాదాపు తుడిచిపెట్టుకుపోయిన తూర్పు రాష్ట్రాల్లో జింకల సంఖ్యను అదుపులో ఉంచేది చాలావరకు వేటే. 1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం ప్రకారం వేట రైఫిళ్లు, తూటాల మీద 11 శాతం పన్ను వన్యప్రాణుల సంరక్షణకు పోతోంది. ఈ వాదన అక్కడి అడవికి చెందినది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నిషిద్ధమైన మన దేశంలో దాన్ని తెచ్చి వాడుకోకూడదు. అక్కడ స్థిరపడి వేట నేర్చుకుంటున్న తెలుగువాళ్లకు మాత్రం ఇది నేరుగా తగులుతుంది.

ఇంత నియమం పెడితే వేట డబ్బున్నవాడిదే అయిపోదా అనేది మరో ఆక్షేపణ. కాదు. డబ్బు తక్కువైతే తగ్గించుకోవాల్సింది దూరం. ఖరీదైన స్కోపు ఉన్నవాడు 300 గజాల నుంచి కొట్టవచ్చు, లేనివాడు 100 గజాల్లోపు వచ్చేదాకా కదలకుండా కూర్చోవాలి. ఆ ఓపికకు ధర లేదు. డబ్బు నిజంగా అడ్డుపడేది సీసం విషయంలో. సీసపు గుండు మాంసంలో తునకలై చెదురుతుంది. వేటగాళ్లు అడవిలో వదిలేసిన పేగులు తిన్న కాండర్ రాబందులు విషం ఎక్కి చస్తున్నాయని కాలిఫోర్నియా 2019 జులై నుంచి వేటలో సీసపు తూటాలు పూర్తిగా ఆపేసింది. రాగి గుళ్లు సాధారణంగా ఎక్కువ ఖరీదు. అయితే ఒక జింకకు పట్టేది ఒకటో రెండో తూటాలు. చవక తూటాలతో సాధన చేసి, వేటకు ముందు రాగి గుండు ఎక్కడ తగులుతోందో మళ్లీ సరిచూసుకుంటే పెరిగే ఖర్చు కొద్దిపాటిదే. నేల మీద కూర్చుని, మోకాళ్ల మీద మోచేతులు ఆనించి, 100 గజాల్లో 8 అంగుళాల పళ్లెమంత గురిలో వరసగా ఐదు గుళ్లు పెట్టలేనివాడు ఆ ఏడాది అడవికి వెళ్లకుండా ఆగాలి. అలా ఆగితే చాలామందికి లైసెన్సు డబ్బు వృథా అవుతుందంటారు. అవనివ్వండి, ఆ నష్టాన్ని భరించాల్సింది జింక కాదు.