ఉగ్రస్తంభం పైదాకా వెళ్ళని ట్రెక్: ప్రహ్లాదుడు, పూర్ణ, మా పిల్లలు

 

పోయిన వారం అహోబిలం వీడియో చూసినవాళ్ళు చాలామంది ఒకటే అడిగారు: "బ్రో, అంతా చూపించావు, ఉగ్రస్తంభం పైనుంచి షాట్ ఏది?" షాట్ లేదండీ. నేను పైకి వెళ్ళలేదు. ఎందుకు వెళ్ళలేదో వీడియోలో చెప్పడానికి కొంచెం సిగ్గేసింది. ఇక్కడ చెప్తాను.

ఈసారి మా అక్క పిల్లలిద్దరినీ తీసుకెళ్ళాను. వాడికి పన్నెండేళ్ళు, పాపకి తొమ్మిది. బయల్దేరే ముందు వాడు "పూర్ణ" సినిమా చూసి ఉన్నాడు. ఇక చూడండి, ఆళ్ళగడ్డ దాటేదాకా ఒకటే గోల. "మామయ్యా, పదమూడేళ్ళ అమ్మాయి ఎవరెస్ట్ ఎక్కింది. నేను ఈ కొండ ఎక్కలేనా?"

అహోబిలం వెళ్ళినవాళ్ళకి తెలుసు, దిగువన ప్రహ్లాదవరద స్వామి దర్శనం దాకా మామూలు యాత్రే. ఎగువ అహోబిలం నుంచి మాత్రం నల్లమల మన మాట వినదు. భవనాశిని వాగు పక్కనే, రాళ్ళ మీద అడుగులు వేసుకుంటూ వరాహ నరసింహుణ్ణి చూసి, జ్వాలా నరసింహుడి దగ్గరికి చేరేసరికే పెద్దవాళ్ళకి కూడా కాళ్ళు వణుకుతాయి. స్వామి హిరణ్యకశిపుణ్ణి సంహరించిన చోటు అదేనని స్థలపురాణం. చేతులు కడుక్కున్నాడని చెప్పే రక్తకుండం కూడా అక్కడే. ఉగ్రస్తంభం ఇంకా పైన. స్వామి చీల్చుకుని వచ్చిన స్తంభమే ఆ కొండ అని నమ్మకం. కింద నుంచి చూస్తే నిజంగానే మధ్యలో చీలినట్టు ఉంటుంది.

జ్వాల దాటాక మా పాప కాలు జారింది. దెబ్బ పెద్దది కాదు, మోకాలు కాస్త గీసుకుంది. కానీ భయం పట్టుకుంది. రాయి మీద కూర్చుని ఇక లేవనంది. వాడేమో అప్పటికే యాభై అడుగుల పైన. "మామయ్యా, దాన్ని అక్కడే కూర్చోబెట్టి వచ్చెయ్!"

నిజం చెప్పాలంటే, వాడి మాట నాకూ నచ్చింది. బ్యాగులో కెమెరా ఉంది, వెలుతురు బాగుంది. "పాపా, ఈ అన్న దగ్గర కూర్చో, అరగంటలో వచ్చేస్తాం" అని అనేశాను కూడా. మాకు దారి చూపించడానికి వచ్చిన స్థానికుడు నా వైపు ఒక చూపు చూశాడు. "సార్, ముందర పోయేటోడు ఎనక వచ్చేటోళ్ళని చూసుకోవాల. కొండ యాడికీ పోదు."

వాణ్ణి కిందకి రమ్మన్నాను. మూతి ముడుచుకుని వచ్చాడు. ముగ్గురం మరమరాలు తింటూ కూర్చున్నాం. చుట్టూ ఉన్నది ప్రహ్లాదుడి కొండ కాబట్టి ఆయన కథే మొదలుపెట్టాను.

ప్రహ్లాదుడు అనగానే మనకి ఒంటరి పిల్లవాడే గుర్తొస్తాడు. ఏనుగులు, పాములు, విషం, కొండ మీద నుంచి తోసెయ్యడం, అన్నీ ఒక్కడే భరించాడని. కానీ భాగవతం సప్తమ స్కంధం చూడండి. చండామార్కులు ఇంటి పనుల మీద వెళ్ళగానే తోటి పిల్లలు ఆటకి పిలుస్తారు. ఆయన వాళ్ళందరినీ చుట్టూ కూర్చోబెట్టుకుని తనకి తెలిసింది చెప్తాడు. వాళ్ళు రాక్షసుల పిల్లలు, తన తండ్రి పక్షం వాళ్ళు. తనకి దొరికింది తన దగ్గరే దాచుకుంటే ఏ గొడవా ఉండేది కాదు. క్లాసంతా మారిపోవడం చూసి గురువులు భయపడి రాజుకి చెప్పారు, ఆ తర్వాతే స్తంభం దగ్గరి ఘట్టం.

నాకు అంతకంటే ఇష్టమైనది ఆ తర్వాతిది. స్వామి ఉగ్రరూపంలో ఉంటే బ్రహ్మ, రుద్రుడు, ఇంద్రుడు దూరం నుంచే స్తుతించారు. లక్ష్మీదేవి కూడా దగ్గరికి వెళ్ళడానికి జంకింది. బ్రహ్మ ఈ పిల్లవాణ్ణే పంపాడు. స్వామి తల మీద చెయ్యి పెట్టాడు. అప్పుడు చేసిన స్తుతిలో ప్రహ్లాదుడు అన్నదాని సారం ఇది: మునులు తమ ముక్తి కోసం అడవుల్లో మౌనంగా ఉంటారు, నేను మాత్రం ఈ దీనులందర్నీ వదిలేసి ఒక్కణ్ణే బయటపడాలని కోరుకోను. తర్వాత వరం కోరుకోమంటే, తనని అంత హింసపెట్టిన తండ్రి పాపం పోవాలని అడిగాడు.

వాడు కాసేపు ఆగి, "కానీ పూర్ణ ఒక్కతే ఎక్కింది కదా" అన్నాడు.

అదేం లేదురా అన్నాను. 2014 మే 25న ఆమెతో పాటు అదే రోజు శిఖరం చేరిన ఖమ్మం జిల్లా అబ్బాయి ఇంకొకడు ఉన్నాడు, సాధనపల్లి ఆనంద్ కుమార్. వాడికి ఆ పేరే తెలీదు! మనలో ఎంతమందికి తెలుసు చెప్పండి. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలే. నిజామాబాద్ జిల్లా పాకాలలో పూర్ణ అమ్మానాన్నలు వ్యవసాయ కూలీలు. కోచ్ శేఖర్ బాబు భువనగిరి కొండ మీద చాలామంది గురుకుల పిల్లలకి నేర్పించాడు, డార్జిలింగ్ శిక్షణ, లద్దాఖ్ చలి అన్నీ దాటాక చివరికి మిగిలింది ఇద్దరు. మిగతా పిల్లలు ఓడిపోయారని నేను అనను. వాళ్ళతో పోటీపడి, వాళ్ళ తాళ్ళు పట్టుకుని నేర్చుకున్నదే కదా ఈ ఇద్దరూ పైకి తీసుకెళ్ళింది. ఇక షెర్పాల సంగతి. తాళ్ళు కట్టేది, బరువులు మోసేది చాలావరకు వాళ్ళే. పూర్ణ వాళ్ళు టిబెట్ వైపు నుంచి ఎక్కారు. అదే సీజన్లో ఏప్రిల్ 18న నేపాల్ వైపు మంచు పెళ్ళలు విరిగిపడి అలా పనిచేసే 16 మంది చనిపోయారు. శిఖరం మీద తీసుకునే ఫొటోలో వాళ్ళెవరూ ఉండరు.

ఇదంతా విని వాడు మారిపోయాడనుకోకండి. "అయితే దాన్ని కూడా తీసుకెళ్దాం" అన్నాడు, అంతే. చెల్లి చెయ్యి పట్టుకున్నాడు. ఎక్కడ కాలు పెట్టాలో తను ముందు పెట్టి చూపించాడు. ఇంకో ఇరవై నిమిషాలు అలా వెళ్ళాం, నత్తనడకే. అప్పుడు గైడ్ ఆకాశం చూసి తల అడ్డంగా ఊపాడు. చీకటి పడకముందే వాగు దాటాలి, అది ఆయన నియమం. పైన ఇనుప కమ్మీలు కనిపిస్తూనే ఉన్నాయి. వెనక్కి తిరిగాం.

దిగేటప్పుడు వాడు ఏడ్చాడు. నేనేమీ అనలేదు, నాకూ లోపల అలాగే ఉంది. వీడియో థంబ్‌నెయిల్ పోయింది కదా! పాప మాత్రం ఎగువ గుడి దగ్గర హాయిగా ప్రసాదం పులిహోర రెండుసార్లు అడిగి తింది.

నిన్న అక్క ఫోన్ చేసింది. వాడు గ్రిప్ ఉన్న బూట్లు కావాలని అడుగుతున్నాడట, రెండు జతలు. ఒకటి చెల్లి సైజుట.