భయము - భక్తి

భయభక్తులు అని తెలుగువారు రెండు మాటలను జంటగా పలుకుదురు. తప్పు చేయుటకు వెనుదీయు భయము భక్తికి తోడుగా నిలుచును. కాని ఆపద వచ్చినపుడు బుద్ధిని అపహరించు భయము వేరొకటి కలదు. అది భక్తికి తోడు కాదు, శత్రువు. ఈ రెంటికి గల భేదము నెరుగక ఎన్నియో కుటుంబములు తమ చేతులతోనే తమ ఇంటి దీపమును ఆర్పుకొనుచున్నవి.

ఓరుగల్లు ప్రాంతపు పల్లెలలో వానాకాలమున పాముకాటు క్రొత్త మాట కాదు. వరిమడిలో కలుపు తీయు స్త్రీ పాదమున కాటు పడును. రాత్రివేళ నేలపై నిదురించువానిని కట్లపాము కరచును. ఆ కాటున నొప్పియు వాపును అంతగా కనబడవు. ఇల్లంతయు గొల్లుమనును. ఒకరు కాలికి త్రాడు బిగింతురు, ఒకరు కత్తితో గాటు పెట్టుదురు, మరియొకరు వేపాకు నమిలించి చేదు తెలియుచున్నదా యని అడుగుదురు. కడకు బండి మంత్రగాని యింటికి కదలును. ఆ పరుగులో ఎవరికిని చెడు తలంపు లేదు. అందరిలోను ప్రేమయే కలదు. అయినను ప్రేమకు భయము త్రోవ చూపినపుడు, రక్షింపవలసిన ప్రాణమే పోవును.

మంత్రముచే బ్రతికినవారు లేరా యని కొందరు అడుగుదురు. పాములలో అధికభాగము ప్రాణాంతకమైన విషము లేనివి. విషసర్పము కరచినను ఒక్కొక్కప్పుడు విషము ఎక్కదు. అట్టివారు ఏ మంత్రము లేకున్నను బ్రతుకుదురు. కీర్తి మాత్రము మంత్రమునకు దక్కును. ఆ కీర్తిని నమ్మి, నిజముగా విషమెక్కినవాడు విలువైన గడియలను మంత్రగాని గడప ముందు పోగొట్టుకొనును. 2000 నుండి 2019 వరకు భారతదేశమున పాముకాటు వలన సుమారు 12 లక్షల మంది మరణించిరని 2020లో వెలువడిన ఒక పరిశోధన అంచనా వేసినది. అనగా ఏటేట సగటున 58 వేల ప్రాణములు. వారిలో అత్యధికులు పల్లెవాసులే.

పన్నెండవ శతాబ్దమున బసవేశ్వరుడు మానవుని ఈ వైపరీత్యమును పాము ఉపమానముతోనే ఎత్తి చూపెను. రాతి నాగునకు పాలు పోయు చేతులే ప్రాణమున్న నాగుపైకి కర్ర యెత్తుట ఆయన వచనమొకదానికి విషయము. ఆకలిగొన్న జంగముని పొమ్మని, ఆరగింపని లింగమునకు నైవేద్యము పెట్టువారిని ఆయన అందు మందలించెను. ఎదుటనున్న సత్యమును చూడకుండుటయే ఆ దోషము. భయపీడితుడును అట్లే చూడడు. ఎదుట రోగియు, ఊరిలో బాటయు, పట్టణమున వైద్యుడును ఉండగా, అతని కన్నులు మంత్రగాని వంకకే పరుగిడును. బసవని చరితమును ద్విపదలో తెలుగువారికి అందించిన పాల్కురికి సోమనాథుడు ఓరుగల్లుకు చేరువనున్న పాలకుర్తివాడని ప్రసిద్ధి. ఆ మహాకవి పేరు చెప్పుకొను నేలపై ఈ అంధత్వము నిలువదగునా?

పాము విషమునకు విరుగుడు మందు కలదు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నజాతి పింజర అను నాలుగింటికిని ఆ మందు ఒక్కటే. కావున పామును వెదకి చంపి తీసికొనిపోవలసిన పని లేదు. కాటుపడిన అవయవమును కదలనీయక, త్రాడు బిగింపక, గాటు పెట్టక, 108 వాహనమునైనను దొరికిన బండినైనను పిలిచి, విరుగుడు మందు గల సమీప ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చవలెను. అంతకు మించిన చికిత్స కావలసినచో వరంగల్లులో మహాత్మాగాంధీ స్మారక ఆసుపత్రి ఉన్నది.

శరణులారా! ఆపద ముంచుకొని వచ్చిన గడియలో ధైర్యము వెదకిన దొరకదు, ముందే కూర్చుకొనవలెను. ఇష్టలింగమును కరస్థలమున నిలిపి, చూపును మనస్సును ఒక్కచోట కుదుర్చుకొను నిత్యపూజ అట్టి కూర్పే. లింగమును దేహమున ధరించి, ఆపద రాగానే తాయెత్తునకు చేయి చాచువాడు ఆ పూజాఫలమును తానే కాలదన్నుకొనుచున్నాడు. కనుక వానలు రాకమునుపే, మనస్సు ప్రశాంతముగ నున్నపుడే, ప్రతి గృహమునను ఒక నిర్ణయము జరుగవలెను: ఏ ఆసుపత్రికి పోవలెను, ఎవరి బండి పిలువవలెను, వెంట ఎవరు నడువవలెను? మఠములలో స్వాములు ఈ మాటను తమ ఉపదేశములందు చేర్చవలెను. నుదుట విభూతి ధరింపుడు, శివనామము స్మరింపుడు; ఆ స్మరణతోనే ఆసుపత్రి బాట పట్టుడు. శివుడు ప్రసాదించిన బుద్ధిని భయమునకు అప్పగింపకుండుటయే ఆ గడియలో చేయదగిన పూజ.

శరణు శరణార్థి.