పందుల సంగతి ఎక్కడ ఆగిపోయింది?



బిడ్డా,

పోయిన వారం ఫోనులో నువ్వు సగం మాట గొంతులోనే పెట్టుకొని మాట్లాడినావు. పార్టీ వార్షిక మహాసభకు యువజన ప్రతినిధిగా పోయినదానివి. మూడో రోజు పొద్దుగూకే వేళకు నీ పేరు పిలిచి మూడు నిమిషాలు ఇచ్చినారట. ‘మా దిక్కు పల్లి చేన్లన్నీ పందులు తవ్వి పోస్తున్నయ్’ అని నువ్వు మొదలుపెట్టంగనే ముందు వరసల్లో ఎవరో నీ యాసకు నవ్వినారట. అక్కడినుంచి నువ్వు పుస్తకం తెలుగులోకి మారి, నాయకత్వానికి ధన్యవాదాలు చెప్పి దిగివచ్చినావు. ‘అవమానమైంది పెద్దనాయనా’ అన్నావు. నేనప్పుడు ఏమీ అనలేదు. అవమానం గురించి మాట్లాడుకుందాం గానీ ముందు ఒకటి చెప్పు. పందుల సంగతి ఎక్కడ ఆగిపోయింది?

చలికాలమంతా మీ నాయన మంచె మీద కంబళి కప్పుకొని, టార్చిలైటు పట్టుకొని తెల్లవార్లూ అరిచే సంగతి ఆ పందిట్లో ఎవరికీ తెలియదు. మీ అమ్మ పాత చీరలన్నీ చేను చుట్టూ కట్టెలకు కట్టింది. నల్లమల అంచున ఉన్న ఏ ఊరికి పోయినా చేన్లకు ఇట్లనే చీరలు కట్టి ఉంటాయి. కొత్తగా వచ్చినవాళ్ళు దాన్ని చూసి ఏదో జాతర అనుకుంటారు. ఈ ఒక్క చీరల మాట చెప్పి ఉంటే నవ్వినవాళ్ళు నోరు మూసుకునేవాళ్ళు. చెప్పడానికి నీ దగ్గర అంత సరుకుండె. మూడు నిమిషాల్లో నిమిషమున్నర వేదిక మీద పెద్దల పేర్లు చదవడానికే పోయిందని నువ్వే చెప్పినావు. మిగిలిన నిమిషమున్నరను ఆ నవ్వు తిన్నది.

నీకంటె ముందు ఒక పెద్దమనిషిని ఇట్లనే నవ్వినారు. 1921 నవంబరు 12న హైదరాబాదు వివేకవర్ధని థియేటరులో నిజాం రాష్ట్ర సంఘసంస్కార సభ జరిగింది. అధ్యక్షుడు కార్వే పండితుడు. ఆడపిల్లల చదువుకు, వితంతువుల బతుకుకు జీవితం ధారపోసినవాడు. అందరూ ఉర్దూలోనో మరాఠీలోనో ఇంగ్లీషులోనో మాట్లాడుతున్నారు. ఆలంపల్లి వెంకటరామారావు అనే వకీలు లేచి ఒక తీర్మానం మీద తెలుగులో మొదలుపెట్టినాడు. సభలో కేకలు, ఈలలు, చప్పట్లు. ఆయన మాట సాగలేదు. సంఘాన్ని సంస్కరించడానికి కూడిన సభ అది, మరిచిపోకు. సంస్కారం మాట్లాడే చోట కూడా పక్కవాడి నాలుకను చూసి నవ్వే మనుషులుంటారు. మీ సభలో కూడా ఉన్నారు, అంతే.

ఆ రాత్రి ఏం జరిగిందన్నది ముఖ్యం. టేకుమాల రంగారావు ఇంట్లో వేళ్ళ మీద లెక్కపెట్టేటంతమంది కూడినారు. మాడపాటి హనుమంతరావు ఉన్నాడు, బూర్గుల రామకృష్ణారావు ఉన్నాడు. ‘ఎంత అన్యాయం చేసినారు’ అని నాలుగు మాటలు అనుకొనే ఉంటారు, మనుషులే కదా. కాని తెల్లవారే లోపల ఆంధ్ర జనసంఘం పుట్టింది. తర్వాత వాళ్ళు చేసిన పని చూస్తే కోపంతో చేసినట్టు అనిపించదు. గ్రంథాలయాలు పెట్టినారు. వెట్టిచాకిరి మీద, ఊరి వర్తకుల ఇక్కట్ల మీద చట్టం ఏమంటుందో చిన్నచిన్న పుస్తకాలు అచ్చేసి పంచినారు. సభ పెట్టాలంటే సర్కారు అనుమతి కావలసిన రోజులవి, ‘గస్తీ నిషాన్ 53’ అని దానికో హుకుం కూడా ఉండె. అయినా తొమ్మిదేండ్లకు, 1930లో, జోగిపేటలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది.

దానికి అధ్యక్షుడు ఎవరనుకున్నావు? మన గద్వాల దిక్కు సురవరం ప్రతాపరెడ్డి. తెలంగాణలో కవులే లేరని ఒకాయన రాస్తే, ప్రతాపరెడ్డి పోట్లాటకు పోలేదు. 1926 నుంచి తాను నడుపుతున్న గోలకొండ పత్రిక చేతిలో ఉంది. ఊరూరి నుంచి పద్యాలు తెప్పించి 1934లో గోలకొండ కవుల సంచిక వేసినాడు. 354 మంది కవులు! ఒక్క వాక్యానికి అంతమంది జవాబు. ఆ సంచికలో పద్యాలన్నీ గొప్పవని నేననను, కొన్ని కష్టపడి చదవాలి. కాని లెక్క లెక్కే. 1952లో ఆయనే మన వనపర్తి నుంచి శాసనసభకు గెలిచినాడు.

ఇవన్నీ చెప్పి నిన్ను ఓదారుస్తున్నాననుకోకు. ఓదార్పుకు మీ పెద్దమ్మ ఉంది. రాజకీయాల్లో అవమానాన్ని అప్పుకాగితం లెక్క జేబులో పెట్టుకొని నలభై ఏండ్లు తిరిగేవాళ్ళను చూసినాను. ఎప్పుడు కలిసినా దాన్నే తీసి చూపిస్తారు, ఆనాడు నన్నిట్లన్నారు, ఆనాడు నాకు టికెట్టు రాలేదు అని. వడ్డీ పెరుగుతుంది గాని అసలు ఎవరూ కట్టరు. నీకా రోగం అంటుకోవద్దు.

నా సంగతి ఒకటి చెప్తాను. ఇంతవరకు ఇంట్లో చెప్పలేదు. నేనూ ఒకప్పుడు ఒక పార్టీ మహాసభకు ప్రతినిధిగా పోయినాను. ఏ పార్టీ అన్నది ఇప్పుడెందుకు. లారీలో నిలబడి పోయినాం. ఎండ ఎంతంటే పందిరి కింద ఇనుప కుర్చీ ముట్టుకుంటే చెయ్యి కాలేది. (తెలుగుదేశం వాళ్ళ మహానాడు మే నెలాఖరులో, ఎన్టీఆర్ పుట్టినరోజుకు, ఇప్పుడు బీఆర్ఎస్ అయిన టీఆర్ఎస్ పుట్టింది ఏప్రిల్ 27న, వాళ్ళ ప్లీనరీ కూడా ఎండల్లోనే. సూర్యుడికి కూడా సభ్యత్వం ఇచ్చినట్టున్నారు అందరూ.) తీర్మానం చదివినారు, ఒకాయన ప్రతిపాదించినాడు, ఒకాయన బలపరిచినాడు, చేతులెత్తమన్నారు. ఎత్తినాను. అందులో ఏముందో నాకు తెలియదు. అప్పటికి నా ధ్యాసంతా భోజనాల పందిరి మీద ఉంది.

ఊరికి వచ్చినాక రచ్చకట్ట మీద ఒక ముసలాయన అడిగినాడు, ‘మన గురించి ఏం చెప్పినవురా అక్కడ?’ అని. నేను పెరుగన్నం, బూందీ లడ్డు సంగతి చెప్పినాను. అందరూ నవ్వినారు. ఆయన నవ్వలేదు. మళ్ళీ నన్ను ఏదీ అడగలేదు కూడా.

నిన్ను నవ్వింది పరాయివాళ్ళు, బిడ్డా. నేను తలదించుకున్నది నన్ను పంపిన మనిషి ముందర.

అందుకని నిన్ను రెండు అడుగుతాను, మనసు కష్టపెట్టుకోకు. పోయేముందు ఊళ్ళో ఎవరినన్నా అడిగినావా, అక్కడ ఏం చెప్పమంటారు అని? ప్రతినిధి అని బిళ్ళ మెడలో వేసుకుంటే చాలదు, ఎవరి ప్రతినిధివో ఆ మనుషులకు తెలియాలె. అచ్చంపేటలో నీ ఫోటో ఉన్న ఫ్లెక్సీ చూసినాను, బాగుంది. కాని మన వాడకట్టులో సగం మందికి నువ్వు పోయిన సంగతే తెలియదు. రెండోది, వ్యవసాయ తీర్మానానికి నువ్వు కూడా చెయ్యి ఎత్తినానన్నావు. అందులో పంట నష్టం మాట ఉందా? చదివినావా?

వేదిక మీద జరిగేది చాలా మట్టుకు చివరి ఘట్టం. అసలు పని అంతకుముందే తీర్మానాల కమిటీలో అయిపోతుంది. ఏ మాట ఉండాలె, ఏ మాట తీసెయ్యాలె అన్నది పదిమంది కూర్చొని తేలుస్తారు. వచ్చే ఏడు సభకు నెల ముందే ముసాయిదా అడుగు. ఇయ్యకపోతే మళ్ళీ అడుగు. ‘అడవి జంతువుల వల్ల జరిగే పంట నష్టం’ అని ఒక్క వాక్యం కాగితం మీద రాసి, నీ సంతకం కింద నలుగురు యువజన ప్రతినిధుల సంతకాలు పెట్టించి ఇయ్యి. లింగాల పిల్లలకు, అమ్రాబాదు పిల్లలకు ఇదే బాధ ఉంది, వాళ్ళు కలుస్తారు. కాగితానికి యాస ఉండదు, నవ్వేవాళ్ళకు పట్టు దొరకదు. మైకు దొరికితే మాత్రం మన మాటలోనే చెప్పు. పుస్తకం తెలుగులోకి మారినందుకే నాకు నీ మీద కొంచెం కోపం వచ్చింది, అదీ చెప్తున్నాను.

పార్టీలో ఉండాలా వద్దా అని కూడా అడిగినావు. ఆంధ్ర మహాసభ కూడా 1944లో భువనగిరి సభలో చీలిపోయింది. రావి నారాయణరెడ్డి అధ్యక్షుడు. మితవాదులు బయటికి నడిచినారు. వకీళ్ళు, భూములున్నవాళ్ళు ఎక్కువగా నడిపిన సభలోకి కూలోడు, కౌలుదారు రావాలని సభ్యత్వ రుసుము తగ్గించినారు. ఆ తర్వాత ఊళ్ళల్లో దాన్ని మహాసభ అని ఎవరూ పిలవలేదు, ‘సంగం’ అన్నారు. బయటికి పోయినవాళ్ళకూ కారణాలున్నాయి, వాళ్ళను నేను తప్పుపట్టను. కాని రెండు దిక్కులవాళ్ళూ పద్నాలుగేండ్లు కూర్చొని, వాదించి, రాసి, ఆ తర్వాత విడిపోయినారు. నువ్వు మూడు నిమిషాలకే విడిపోతానంటున్నావు.

వచ్చే ఆదివారం ఊరికి రా. తీర్మానాల పుస్తకం తెచ్చుకో, బ్యాగులో ఎక్కడో పడేసి ఉంటావు. సాయంత్రం రచ్చకట్ట మీద పదిమందిని పిలుస్తాను. అక్కడ ఏం జరిగిందో మొత్తం చెప్పు, నవ్వింది కూడా. మీ నాయన తీరా అంతా విని, ‘పందుల గురించి ఏమన్నరు?’ అని అడుగుతాడు, తయారుగా ఉండు. మీ పెద్దమ్మ జొన్నరొట్టెలు చేస్తానంటున్నది. వచ్చేటప్పుడు టార్చిలైటు సెల్లులు నాలుగు పట్టుకొని రా, ఇక్కడ దొరికేవి రెండు రాత్రులకే అయిపోతున్నాయి.

నీ పెద్దనాయన