మూడవమారు కత్తికి ముందు

మేనల్లునికి,

నీ జాబు చేరినది. మొదట తలవెనుక చర్మమును పట్టీగా కోసి తీయు పద్ధతిలోను, రెండవమారు ఒక్కొక్క రోమకూపమును సన్నని గొట్టపుసూదితో పెకలించి తీయు పద్ధతిలోను హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ చేయించుకొన్న నీవు, నడినెత్తి పలుచదనమును నింపుటకును, వెనుక నిలిచిపోయిన గీతలో వెండ్రుకలు నాటించి దానిని కప్పుటకును ముచ్చటగా మూడవమారు బల్ల యెక్క నిశ్చయించితినని వ్రాసి, చిరకాలము సర్జనుగా పనిచేసిన నన్ను అభిప్రాయమడిగితివి. అడ్వాన్సు ఇంకను కట్టలేదని కూడ వ్రాసితివి గనుక, ఈ యుత్తరము వ్రాయ నాకు ఉత్సాహము కలిగినది.

జుట్టు రాలినందువలన కలుగు దుఃఖమును నేను చులకన చేయువాడను గాను. దేహమును గూర్చి నీకు వైరాగ్యము బోధించు పెద్దలలో పెక్కుమందికి తమ పెండ్లినాటికి తలనిండ జుట్టుండెనని నేనెరుగుదును. మొదటిసారి నీవు చేయించుకొన్నదానిని నేను తప్పుపట్టను. నా సందేహమంతయు ఈ మూడవదానిని గూర్చియే. ఏలయన నీవిప్పుడు కత్తికి తల యొగ్గుచున్నది సగము జుట్టుకొరకు, తక్కిన సగము మునుపటి కత్తి మిగిల్చిన గుర్తును దాచుట కొరకు.

ఈ విద్య పుట్టుకను తలచినప్పుడు నాకొక వింత తోచును. 1939లో జపాను దేశమున ఒకుడా అను వైద్యుడు, కాలిన గాయములు మొదలగువాని మచ్చలచే బోడివడిన చోట్ల వెండ్రుకలుగల చిన్న చర్మఖండములను నాటి తన అనుభవమును ప్రకటించెను. అనగా మచ్చను కప్పుటకే ఈ విద్య అవతరించినది. పిదప న్యూయార్కున నార్మన్ ఓరెన్‌ట్రైక్ 1952లో పురుషుల బట్టతలకు దీనినే ప్రయోగించి, వెనుకనున్న వెండ్రుక ముందునకు తెచ్చి నాటినను తన పుట్టినచోటి స్వభావమును విడువదని 1959లో లోకమునకు చాటెను. నాడు నాలుగేసి మిల్లీమీటర్ల ఖండములను నాటగా జుట్టు గుత్తులు గుత్తులుగా మొలిచెడిది; నేడు ఒక మిల్లీమీటరునకు లోపలి గొట్టముతో, ఒకటి మొదలు నాలుగు వెండ్రుకలుగల సహజ సముదాయమును, అనగా గ్రాఫ్టును, విడదీయుచున్నారు. పనిముట్టు సన్నబడినది గాని, గాయము మానునట్టి తీరు మాత్రము మారలేదు.

గాయము మానుట యనగా పూర్వపు చర్మము మరలి వచ్చుట కాదు, నాయనా. ఆ చోట పేరుకొను కణజాలమునకు రోమకూపములుండవు, స్వేదగ్రంథులుండవు. ఎంత చక్కగా మానినను తొల్లింటి బలములో నూటికి ఎనుబదిపాళ్లకు మించి రాదు. మొదటిసారి పట్టీ తీసినప్పుడు చర్మము వదులుగా నుండి అంచులు సుఖముగా కలియును. అచ్చటనే మరల తీసిన, సాగుడు తగ్గి, కుట్టుపై లాగుడు పెరిగి, సన్నని గీతగా నుండినది నెలలు గడచుకొలది వెడల్పగును. గొట్టముతో తీసినచో మచ్చ యుండదని నీకెవరో చెప్పిరి. గీత యుండదనుటయే నిజము. తీసిన ప్రతిచోటను ఒక తెల్లని చుక్క నిలుచును, మనబోటి చామనచాయవారి తలపై అది మరింత స్పష్టముగా కనబడును. ఇక మచ్చలో నాటుదమన్న, అచ్చట రక్తప్రసారము తక్కువ గనుక నాటినవన్నియు నాటుకొనవు; జాగ్రత్తగల వైద్యుడు కొద్దికొద్దిగా, విడతలుగా నాటును.

అంతకంటె పెద్దచిక్కు వెండ్రుకల నిలువను గూర్చినది. పంచె అంచు కత్తిరించి నడుమ చిరుగునకు మాసిక వేసినట్లు, ఇచ్చట పోవుచున్నదియు నీ తలయే, చేరుచున్నదియు నీ తలయే. కొత్తగా పుట్టునది ఒక్క వెండ్రుకయు లేదు. జుట్టు దాదాపు సగమునకు తగ్గువరకు పలుచదనము కంటికి తోచదు; అందుచేతనే మొదటి రెండుమారులు తీసినది ఇంతవరకు మరుగున నున్నది. కలకాలము నిలుచునవి తలవెనుకను, పక్కలను ఒక పట్టీ మేర వెండ్రుకలు మాత్రమే. ఆ మేర దాటి తీసినచో, నాటినవియు కాలక్రమమున రాలును, తీసినచోటి చుట్టుపట్ల వెండ్రుకలు రాలి చుక్కలును బయటపడును. నీ బట్టతల ఇంకను ఎంతదూరము పోవునో ముప్పదియేండ్ల వయస్సులోనే ఎవరు చెప్పగలరు?

మీ అమ్మ నీకై మ్రొక్కుకొన్న తలనీలాలను తీర్చుటకు తిరుమలకు పోయి, కల్యాణకట్టలో నీవు ఆడువారివలె మూడు కత్తెరలు చాలునంటివట! మీ అమ్మ కొంత నవ్వుచు, కొంత నొచ్చుకొనుచు చెప్పినది. నాకు నవ్వు రాలేదు. ఆ గీత నిన్ను స్వామి యెదుటకూడ దాగుకొనునట్లు చేయుచున్నది. మన ఇండ్లలో పురుషుడు తల గొరిగించుకొనవలసిన దినములు, శుభమునకో అశుభమునకో, వచ్చుచునే యుండును. వానినన్నిటిని తప్పించుకొని తిరుగుట జుట్టులేమికంటె బరువైన చెర గాదా?

పెండ్లిచూపులకు ముందే దీనిని ముగింపవలెనని నీ తొందర. నీవు చూడబోవు పిల్లకు రెండుమార్లు చేయించుకొంటినని నీ నోటనే చెప్పుము. విని ముఖము త్రిప్పుకొనునదైనచో, త్రిప్పుకొననిమ్ము; పెండ్లియైన పిమ్మట దువ్వెన పట్టిననాడు తెలిసి, దాచినందుకు నొచ్చుకొనుటకంటె అది మేలు.

ఇక చేయవలసిన పని. రెండుమార్లు ఎన్నెన్ని గ్రాఫ్టులు తీసిరో, ఎచ్చట తీసిరో తెలుపు కాగితములను ఆ క్లినిక్కులనుండి సంపాదించి నాకు పంపుము. రాలుటను నిలుపు మందులను విడువక వాడుచున్నావో లేదో వ్రాయుము. రాలుట నిలువక నాటుట వ్యర్థము. గీత యొక్కటియే నీ బాధయైనచో, దానిపై వర్ణపు చుక్కలు పొడిపించు ఉపాయమొకటి కలదు. అందు నీ నిలువలో ఒక్క వెండ్రుకయు ఖర్చుకాదు. వర్క్‌షాపులు చూచి నేర్చినంతమాత్రమున చాలదనియు, తగిన శిక్షణ పొందిన వైద్యుడే ఈ చికిత్స చేయవలెననియు 2022లో జాతీయ వైద్య కమిషన్ మార్గదర్శకములలో చెప్పినది. అట్టి చర్మవైద్యునొద్దకు, భూతద్దముతో చూచి చదరపు సెంటీమీటరునకు ఎన్ని రోమకూపములు మిగిలినవో లెక్కింపగలవానియొద్దకు, ఇరువురము కలిసి పోవుదము. తల తాకిచూడక, ఫోనులో ఫోటో చూచి ఇన్నివేల గ్రాఫ్టులని ధర చెప్పు చోటికి మాత్రము నేను రాను.

ఇట్లు,
మీ మామయ్య