ఆటగాడు, అనాథ బిడ్డ



చిక్కబళ్ళాపురములోగాని, బాగేపల్లి, చింతామణిలోగాని మన ఇండ్లలో తెలుగు, బడిలో కన్నడము. కాబట్టి 2009లో మొదలైన ఖుషీ, చింటు బొమ్మల ఛానళ్ళు రెండూ మన పిల్లలవే అయినవి. బేస్‌బాల్ వారికి తెలియదు. అయినా జపానువారి బేస్‌బాల్ కథ ఒకటి 2012లో "సూరజ్" అను పేరుతో క్రికెట్ కథగా మారి మన దేశపు టీవీకి వచ్చినది. ఆటగాని కథకు ఎల్లలు లేవు. పేరుమోసిన ఆటగానికి ఒక అనాథ బిడ్డను జతచేసి నవ్వించే కథలూ అట్టివే.

కార్టూనంటేనే పాపమనే పెద్దలున్నారు. నేను వారితో ఏకీభవించను. వృద్ధాప్యములో కన్న బిడ్డకు నవ్వు అని అర్థమిచ్చే పేరు పెట్టించినవాడు మన దేవుడు. నా ప్రశ్న వేరు. అట్టి కథలో ఆ బిడ్డ ఎందుకున్నాడు? అతని ఆకలి తీరుటకా, ఆటగాని మంచితనము మనకు కనబడుటకా?

అమెరికా బేస్‌బాల్ వీరుడు బేబ్ రూత్‌ను అనాథ అని చాలామంది తలచారు. అతడు అనాథ కాడు. 1902లో, ఏడేండ్లప్పుడు, తల్లిదండ్రులే బాల్టిమోరులోని సెయింట్ మేరీస్ అను పారిశ్రామిక పాఠశాలలో వేశారు. 1919లో ఆ బడి కాలిపోయినది. మరుసటి ఏడు ఆ బడి బ్యాండు పిల్లలు అతని జట్టు వెంట ఊరూరా తిరిగి విరాళాలు కూడబెట్టారు. అదీ ప్రదర్శనే. అయితే వారి నడుమ నిలిచినవాడు వారి పడకలలో పడుకున్నవాడు.

రెండవ సమూయేలు 9వ అధ్యాయము చూడండి. యోనాతాను నిమిత్తము ఉపకారము చేయుటకు ఎవరైనా మిగిలారా అని దావీదు అడుగగా, సీబా కుంటివాడొకడున్నాడని చెప్పెనేగాని పేరు చెప్పలేదు. ఎదుటికి వచ్చినవానిని దావీదు మొదట పేరుపెట్టి పిలిచెను, మెఫీబోషెతూ అని. తాత పొలము తిరిగి ఇచ్చెను. ఒక్క పండుగనాడు కాదు, ప్రతిదినము తన బల్లయొద్దనే భోజనము పెట్టెను. ఆ కాళ్ళు బాగుపడినట్లు ఎక్కడా లేదు. అధ్యాయపు చివరి మాట కూడా వాటినిగూర్చినదే.

ఇక మన క్రిస్మస్. హాస్టలు పిల్లలను వేదికపైకి పిలిచి, దుప్పటి చేతికిచ్చి, ఫొటో తీస్తాము. ఫొటో క్రింద దాత పేరు ఇంటిపేరుతో సహా ఉంటుంది. బిడ్డకు మాత్రము "అనాథ బాలుడు" అని. ఆ మధ్యాహ్నము ఆ బాలుడు ఎవరి ప్రక్కన కూర్చుండి భోంచేశాడో మనలో ఎందరు చూశారు?