వండినామె ఎక్కడ కూసోవాలె?

చంద్రపూర్‌లో మే నెల రాత్రి భోజనానికి నలుగురిని పిలవడం చిన్న విషయం కాదు. పగటి ఎండ నలభై ఆరు, నలభై ఏడు డిగ్రీలకు పోతుంది. పొద్దు గుంకినా గోడలు వేడి వదలవు. మా అక్క ఈ ఊరికి కోడలుగా వచ్చింది. బావది వెస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ బొగ్గు గనిలో ఉద్యోగం. కరీంనగర్, ఆదిలాబాద్ వైపు నుంచి గనులకూ, బల్లార్‌పూర్ కాగితం మిల్లుకూ వచ్చి ఇక్కడే నిలిచిపోయిన తెలుగు కుటుంబాల్లో వాళ్లదొకటి. వార్ధా నది అవతలి రాజురా తాలూకా 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో, ఆదిలాబాద్ జిల్లాలోనే ఉండేది. అందుకే ఈ ఊళ్లో జొన్నరొట్టె, పుంటికూర ఎవరివని అడిగితే రెండు భాషల వాళ్లూ మావే అంటారు.

ఆ రాత్రికి పక్కింటి మరాఠీ దంపతులూ, మంచిర్యాల నుంచి బావకు తమ్ముడి వరుసయ్యే అబ్బాయీ వస్తున్నారు. మా వాదన రొట్టె దగ్గర మొదలైంది.

అక్క: రొట్టెలు ముందే చేసి గుడ్డల చుట్టి పెడ్త తమ్మీ. వాళ్లు తినేటప్పుడు నేను గూడ కూసుంట.

నేను: జొన్నరొట్టె పెనం మీదికెళ్లి సీదా పళ్లెంలకు రావాలె గద అక్కా. అమ్మ ఎన్నడన్న గుడ్డల చుట్టిన రొట్టె చుట్టాలకు పెట్టిందా?

అక్క: పెట్టలే. చుట్టాలతోని కూసొని అమ్మ తిన్నది గూడ నేను ఒక్కనాడు చూడలే.

నేను: అమ్మకు పెట్టుట్లనే తృప్తి ఉండె.

అక్క: ఉండొచ్చు. నువ్వు గూడ కూసో అని ఆమెను అడిగినోళ్లెవరు?

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. కానీ రొట్టె పక్షాన చెప్పవలసింది చాలా ఉంది. గోధుమపిండికి ఉండే సాగే గుణం జొన్నపిండికి లేదు. మరిగే నీళ్లు పోసి కలిపితేనే ముద్ద కడుతుంది. చేత్తో తట్టి, పెనం మీద వేసి, పైన తడి చెయ్యి రాసి, తిప్పేసి కాలిస్తే పొంగుతుంది. ఆ పొంగు ఉన్నంతసేపే దాని రుచి. చల్లారితే బిరుసెక్కుతుంది. కాబట్టి మంచి జొన్నరొట్టె తినాలంటే ఒక మనిషి పొయ్యి దగ్గర నిలబడి ఉండాల్సిందే. ఆ మనిషి ఎవరన్నది మన ఇళ్లలో ఏనాడో తేలిపోయింది.

నేను: తైత్తిరీయ ఉపనిషత్తు చదివినప్పుడు నాకు ఒక మాట మంచిగ అనిపించింది. ఇంటికొచ్చినోణ్ని కాదనొద్దు, అందుకోసం అన్నం దండిగ సంపాదించి పెట్టుకోవాలె అంటది. వచ్చినాయన ముందు, మనం తర్వాత. ఆ తర్వాత అనేదాంట్లనే మర్యాద ఉన్నదనుకుంట.

అక్క: అన్నం దండిగుండాలె, సరే. వండినామె నిలబడాలె అని అండ్ల ఉన్నదా?

నేను: లేదు.

అక్క: మరి అది ఎవరు కలిపిన్రు? చూడు, నిలబడ్డోళ్లకు పళ్లెం కనబడ్తది, మనిషి కనబడడు. పళ్లెం ఖాళీ అయితె వేస్తరు, వద్దంటె ఇంకొంచెం అంటరు. పక్కింటాయనకు షుగర్ ఉన్నది. పోయినసారి నేను నిలబడి వడ్డించిన. ఆయన వద్దు వద్దంటనే ఉన్నడు, నా చెయ్యి వేస్తనే ఉన్నది. ప్రేమతోనే వేసిన. మొఖమాటానికి తిన్నడు పాపం. పక్కన కూసున్నదాన్నయితె ఆయన మొఖం చూస్తుంటి.

నేను: కొసరి వడ్డించుడు తప్పంటవా? మనోళ్లు సిగ్గుపడ్తరు. తొలిసారే ఇంకొంచెం పెట్టు అనే చుట్టం ఎక్కడన్న ఉన్నడా? మూడుసార్లు అడిగితెనే ఆయన ఆకలి బయటపడ్తది. ఆ పద్ధతి కరువు చూసినోళ్లు పెట్టింది. ఎదుటి ఇంట్ల ఉన్నదో లేదో అని చుట్టం వెనకకు గుంజుకుంటడు. ఉన్నది, తిను అని ఇంటామె మళ్ల మళ్ల చెప్పాలె.

ఇది అక్కను కాసేపు ఆపింది. కొసరడంలో ఉన్న మంచిని ఆమె కొట్టిపారెయ్యలేదు. ఆ సాయంత్రం ఆమె చెప్పిన మాటల్లో నాకు అన్నిటికంటే నిజమనిపించింది ఆ తర్వాత వచ్చింది.

అక్క: అది నిజమే. మంచిర్యాల పిల్లగాడు తొలిసారి వస్తున్నడు, అడగడు. కని తమ్మీ, నేను ఆయన పక్కన కూసొని ఇంకో రొట్టె నా పళ్లెంలకు తీసుకున్న అనుకో, ఆయన చెయ్యి గూడ దానంతల అదే లేస్తది. ఇంటామె రెండోసారి తింటున్నదంటె గిన్నెల ఉన్నట్టే గద. మూడుసార్లు అడుగుడు ఎందుకు? నేను తింటె ఆయనకు తెలుస్తది.

అంటే ఆతిథ్యంలో ఇంటివాళ్లు తినడం కూడా ఒక భాగమే. ఆకలి బయటపెట్టవచ్చునని చుట్టానికి అనుమతి దొరికేది అక్కడే. ఇన్నేళ్లుగా నేను దాన్ని వడ్డన తర్వాతి విషయంగానే చూశాను.

పంక్తిలో కూర్చోవాలని అక్క ముందే అనుకుంది కాబట్టి వంట కూడా దాని ప్రకారమే మారింది. అక్క మటన్ మధ్యాహ్నమే వండేసింది. కూర రెండు మూడు గంటలు ఊరితే మసాలా ముక్కకు పడుతుంది, రాత్రికి వేడి చేస్తే చాలు. ఇక్కడ సావజీ పద్ధతి మటన్ కారానికి పేరుమోసింది, పెద్ద విందుల్లో అదే ఉంటుంది. అక్క మాత్రం గసాలు, ఎండుకొబ్బరి నూరివేసి కారం తగ్గించి వండి, ఎల్లిపాయ కారం వేరే గిన్నెలో పెట్టింది. ఎవరికి ఎంత కావాలో వాళ్లే కలుపుకుంటారు. పచ్చిపులుసుకు పొయ్యి పనే తక్కువ. మిరపకాయలు కాల్చి, చింతపండు పులుసులో ఉల్లిగడ్డతో పిసికితే అయిపోతుంది. ఈ ఎండల్లో దాని ముందు ఏ చారూ నిలవదని నా అభిప్రాయం. పుంటికూర పప్పు అయింది, పెరుగు తోడుకుంది. అన్నం మాత్రం మనుషులు కూర్చునే ముందు కుక్కర్‌లో పెడుతుంది. ఏడాది దాటిన పాత బియ్యం నీళ్లు ఎక్కువ పీల్చి మెతుకు మెతుకుగా విడుతుంది కాబట్టి దాని పక్కన నిలబడి కాపలా కాయనక్కరలేదు.

ఆ బియ్యం హెచ్‌ఎంటీ. తెలంగాణలో పెళ్లి విందుల్లో, కిరాణా కొట్లలో ఆ పేరు వినని వాళ్లుండరు.

అక్క: ఇది ఏడ పుట్టిందో ఎరుకేనా? ఈ జిల్లాలనే.

నాగ్‌భీడ్ తాలూకాలో నాందేడ్ అనే చిన్న పల్లె ఉంది. గోదావరి ఒడ్డున ఉన్న పెద్ద నాందేడ్ కాదు. ఆ పల్లె రైతు దాదాజీ ఖోబ్రాగడే తనకున్న ఎకరన్నర పొలంలో 1983లో పటేల్-3 అనే వరిలో రంగు తేడాగా ఉన్న కంకులు కొన్ని గమనించి, వేరుగా దాచి, ఏటేటా విత్తి, ఏరి, స్థిరమైన రకం చేశాడు. గింజ సన్నం, అన్నం రుచి. ఒక వ్యాపారి ఆ వడ్లకు అప్పట్లో అందరూ ఇష్టపడే హెచ్‌ఎంటీ గడియారం పేరు పెట్టి అమ్మాడు. 2010లో ఫోర్బ్స్ పత్రిక ఆయన్ను గ్రామీణ పారిశ్రామికవేత్తల్లో ఒకడిగా ఎంచింది. 2018 జూన్ 3న ఆయన చనిపోయాడు. బియ్యం రాష్ట్రాలు దాటింది. సంచి మీద గడియారం పేరే మిగిలింది.

అక్క: వండినామె పంక్తిల ఉండది, పండించినాయన పేరు పంక్తిల ఉండది. రెండూ ఒక్కటే కథ. అందుకే అన్నం వడ్డించేటప్పుడు నేను ఆయన పేరు చెప్త.

నేను: తినేటోళ్లకు అది పాఠం లెక్క అనిపించదా?

అక్క: ఒక్క మాటే గద. ఈ కూర ఎట్ల చేసిన్రు అని అడిగితె చెప్తం, ఈ అన్నం ఎవరిదంటె చెప్పొద్దా?

నేను దీనికి ఒప్పుకున్నాను. కానీ గుడ్డలో చుట్టిన రొట్టెకు మాత్రం మనసు ఒప్పలేదు. వేడి రొట్టె పెట్టడం కూడా మర్యాదే. వండినామె కూర్చోవడం కోసం వచ్చినవాళ్లు బిరుసు రొట్టె తినాలా? ఈ ముడి అక్క ముందు పెట్టాను.

అక్క: అయితె వంతులు పెట్టుకుందాం. తొలి వంతు నీది, అమ్మ దగ్గర తట్టుడు నేర్చుకున్నవు గద. రెండోది బావది. ఆ తర్వాత నేను. ఎవ్వరూ మొత్తం నిలబడొద్దు, ఎవ్వరూ మొత్తం కూసోవద్దు. పక్కింటామె జొన్నరొట్టె, వాళ్ల మాటల భాకరీ, నాకన్న మంచిగ చేస్తది, ఆమె గూడ ఒక వంతు తీసుకుంటె ఇంక మంచిది.

నేను: భోజనానికి పిలిచి పని చెప్తమా అక్కా? అది నాకు నచ్చుతలేదు.

అక్క: వాళ్లింట్ల వడాభాత్ చేసిననాడు అన్నంల వడలు నలిపి, పైన ఇంగువ, ఎండుమిరపకాయల వేడి నూనె పోసింది నేనే. పని చేసిన అనుకోలే. ఆ వంటింట్ల నాకు గూడ జాగ దొరికిందనుకున్న.

నేను: నీకు అట్ల అనిపించింది. ఆమెకు అట్లనే అనిపిస్తదని ఎట్ల చెప్తవు? రోజంత తన పొయ్యి దగ్గర నిలబడే మనిషి ఆమె. ఈ ఒక్క పూటన్న కూసోవాలని వస్తదేమో.

అక్క మరిగే నీళ్లు దించి, జొన్నపిండి నడుమ గుంట చేసి పోసింది.

అక్క: అది గూడ నిజమే. వచ్చినంక ఆమెనే అడుగుదాం. ఒక్కసారే అడుగుదాం.